కూతురి తల మీద ఒట్టు

మా ఆయన మోటార్లు చుట్టేవాడు. వడ్డాది రోడ్డులో చిన్న షాపు. పొలంలో కాలిపోయిన మోటారు తెచ్చి అతని ముందు పడేస్తే మర్నాటికి నీళ్లు తోడేది. అలాంటి చేతులకి వణుకు పట్టుకుంది. రాగి తీగ నిలవక, విసిరికొట్టి వైన్ షాపుకి పోయేవాడు. రెండు గుక్కలు పడితే వణుకు తగ్గేది. తగ్గాక పని చేసేవాడా అంటే అదీ లేదు.

అనకాపల్లిలో డాక్టరు కడుపు నొక్కి చూసి, ఇక తాగితే లివరూ మిగలదు, మనిషీ మిగలడు అన్నాడు. నాకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. బయటికి వస్తుంటే అక్కడి నర్సమ్మ నన్ను పక్కకి పిలిచింది. "మీ చోడవరంలోనే ఆదివారం సాయంత్రం మీటింగు పెడతారమ్మా. మానేసినోళ్లూ వస్తారు, మానలేనోళ్లూ వస్తారు. తీసుకెళ్లు," అంది. అప్పటికి నేను మొక్కని దేవుడు లేడు. అయ్యప్ప మాల కూడా వేయించాను. మాల మెడలో ఉన్నన్నాళ్లూ మనిషి బంగారం, తీసిన సాయంత్రమే మళ్లీ మామూలే. ఊళ్లోనే ఇలాంటిదొకటి ఉందని ఒక్కరూ చెప్పి చావలేదు.

"కడుపు సించుకుంటే కాళ్ల మీద పడతాది. నలుగుర్లో ఏటి సెప్పమంటావే?" అని మా ఆయన గునిశాడు. రెక్క పట్టుకుని లాక్కెళ్లాను.

ఒక ప్రైవేటు స్కూలు గదిలో మీటింగు. చిన్నపిల్లల బెంచీల మీద మగాళ్లు మోకాళ్లు ముడుచుకుని కూర్చున్నారు. ఇక్కడ మేం ఎవరి పేరూ ఊరూ అడగం అంటూ మీటింగు నడిపే పెద్దాయన మొదలుపెట్టాడు. నాకు నవ్వొచ్చింది. చోడవరంలో ఒకరి పేరు ఒకరు అడగాలా? ఎదుటి బెంచీ రైతు మోటారు మా షాపులోనే పడి ఉంది, చుట్టింది లేదు. ఆయన ఆ సంగతి ఎత్తకుండా మా ఆయనకి టీ గ్లాసు అందించాడు.

ఒకతను లేచి, "బావమరిది పెళ్లిలో తాగేసేనండి. ఆగలేకపోయేను," అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నాకు తిక్క రేగింది. తాగొచ్చినవాడికి చప్పట్లేమిటని బయటికి వచ్చాక పెద్దాయన్నే నిలదీశాను.

"తాగినందుకు కాదమ్మా, వచ్చి సెప్పినందుకు," అన్నాడాయన. "పడినోడు ఇక్కడికొచ్చి సెప్పుకుంటే మళ్లీ లెగుస్తాడు. సెప్పుకోలేనోడు పడినకాడే ఉండిపోతాడు. మేం ఒట్లు ఏయించుకోం. ఈయాల్టికి తాగను, అంతే. రేపటి సంగతి రేపు."

తర్వాత మా ఆయన తనంతట తనే వెళ్లసాగాడు. చేతుల వణుకు తగ్గింది. ఆ రైతు మోటారు చుట్టి ఇచ్చాడు. పాపని పక్కన కూర్చోబెట్టుకుని ఎక్కాలు అప్పగించుకునేవాడు. నాకు భయం వేసేంత బాగుండేది.

మా అత్తకి ఆ బాగు చాలలేదు. "ఈయాల్టికి తాగడంటే రేపు తాగుతాడనా? ఇదేం మానడమే?" అంది. పెద్దాయన చెప్పిందంతా చెప్పాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. తలంటు పోసిన పాపని తెచ్చి కొడుకు ముందు నిలబెట్టి, అతని చెయ్యి తీసి దాని నెత్తిన పెట్టింది.

"ఇంక జన్మలో ముట్టనని దీని మీద ఒట్టెయ్యి బాబూ."

నేను వద్దు వద్దంటూనే ఉన్నాను. అతను ఏడుస్తూ, ఇష్టంగానే వేశాడు. మా వైపు బిడ్డ తల మీద వేసిన ఒట్టు తప్పితే ఆ బిడ్డకే తగులుతుందంటారు. నేను నమ్మనని పైకి అంటాను గానీ, పాప తలనొప్పి అంటే నా గుండె ఝల్లుమంటుంది.

చెరకు ఆడే రోజులొచ్చాయి. బెల్లం వండేచోట మోటారు చూడ్డానికి వెళ్లి తాగొచ్చాడు. పోనీ, ఆదివారం వెళ్లి చెప్పుకో అన్నాను. అతని మొహం పాలిపోయింది.

"నోటితో తాగేనని ఒప్పుకుంటే ఒట్టు తప్పినట్టే కదే. మన గుంటకేటన్నా అయితే?"

ఒప్పుకోకపోతే తప్పనట్టా అని అరిచాను. అతని లెక్కలో అంతే. మీటింగు మానేశాడు. లోపల భయం, ఆ భయానికి దొంగచాటుగా మందు. పెద్దాయన షాపుకి వచ్చి పిలిచినా ఒంట్లో బాలేదని తప్పించుకున్నాడు. ఇంతలో పాపకి జ్వరమొచ్చింది. ఊళ్లో సగం మంది పిల్లలకి ఉంది ఆ జ్వరం. ఇతను మాత్రం దాని మంచం దగ్గరికి రాలేక షాపులోనే తాగి పడుకున్నాడు. కళ్లు పసుపుపచ్చగా అయ్యాయి.

జ్వరం తగ్గాక ఒక ఆదివారం మధ్యాహ్నం పాప, ఇంటికొచ్చిన తండ్రి దగ్గరికి వెళ్లింది. మా మాటలన్నీ వింటూనే ఉంది కాబోలు. అతని చెయ్యి తీసి తన నెత్తిన పెట్టుకుంది, మళ్లీ తీసి వీధరుగు మీద పెట్టింది.

"ఒట్టు తీసి గట్టు మీద పెట్టేసేను నాన్నా. ఇంక నాకేటీ అవ్వదు. నువ్వెళ్లి సెప్పేసుకో."

పిల్లలు ఆటల్లో అనుకునే మాట అది. అతను దాన్ని ఒళ్లోకి తీసుకుని చాలాసేపు ఏడ్చాడు. స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని బయల్దేరాడు. మా అత్త దేవుడి పటానికి దండం పెట్టుకుంది. నేను కూడా ఆశపడ్డాను. ఎందుకు అబద్ధం?

దీపాలు పెట్టే వేళకి పెద్దాయన ఫోన్ చేశాడు. "బాబు ఈయాల కూడా రాలేదేటమ్మా?"

వైన్ షాపు దగ్గరే ఉన్నాడు. ఇదివరకులా వెనక సందులో కాదు, రోడ్డుకి ఎదురుగా కూర్చుని తాగుతున్నాడు. నన్ను చూసి గ్లాసు దాచలేదు. ఎన్నాళ్లుగానో చూస్తున్న ఆ భయం మొహంలో లేదు.

"గుంటకింకేటీ అవ్వదే," అన్నాడు, నాకు ధైర్యం చెబుతున్నట్టు.

ఇంటికి వచ్చేసరికి పాప గుమ్మంలో నిలబడి ఉంది.

"సెప్పేసేడా అమ్మా?"

"సెప్పేసేడమ్మా," అన్నాను. అతను ఎలాగూ మిగలడు. ఒట్టు తీసింది తనేనని ఆ పిల్ల బతుకంతా ఏడవకూడదు కదా.