స్వామికి కాచిన నీళ్లు

రాష్ట్రం విడిపోయిన ఏడాది ఎచ్చెర్లలో నాకు నీళ్ల పరీక్షల ఉద్యోగం దొరికింది. నెలనెలా నాగావళి రేవుల్లో సీసాలు నింపి, ఐసు పెట్టెలో పెట్టుకుని ల్యాబ్‌కి పట్టుకెళ్లాలి. శ్రీకాకుళంలో మా ఇంటి వెనక రేవు కూడా అందులో ఉంది. అక్కడి శివాలయంలో మా నాన్న అర్చకుడు. తెల్లారకుండానే తడిబట్టలతో ఏటి నీళ్లు బిందెతో తెచ్చి అభిషేకం చేసేవారు. ఆ తీర్థం తాగే మేం పెరిగాం.

మొదటి నెల ఫలితంతోనే సంగతి తేలిపోయింది. ఊరి మురుగంతా మా రేవులోనే కలుస్తోంది. గంగమ్మకి మైలేమిటే అని నాన్న కసురుతారని భయపడుతూనే ఇంట్లో చెప్పాను.

"తాగడం సంగతి సరే. స్నానానికైనా పనికొస్తాయా?" అని అడిగారు.

"అదీ లేదు నాన్నా."

"మరి స్వామికి నేను చేయిస్తున్నది స్నానమే కదే!" అన్నారు, మొహం చిన్నబుచ్చుకుని.

మర్నాటి నుంచి అమ్మ మడి కట్టుకుని ఏటి నీళ్లు కాచేది. నాన్న వాటిని చల్లార్చి గుడికి మోసేవారు. కుళాయి నీళ్లు వాడకూడదా అంటే, "ఏరు పక్కనుండగానా?" అనేవారు. చేపల గంపతో మా వీధిన వెళ్లే ఒకావిడ ఆగి మరీ వేళాకోళం చేసేది.

"ఏటి పంతులుగోరూ, సామికి జలుబు సేసిందేటి?"

"స్వామికి కాదమ్మా, నాగావళికి."

ఫలితం వచ్చిన రోజు నేను స్కూటీ దిగేలోపే గుమ్మంలో నిలబడి, "ఈసారి పాసయిందా?" అనేవారు. నా పరీక్షలప్పుడు కూడా ఆయన అంత ఆత్రపడలేదు! నేను తల అడ్డంగా ఊపితే, "సరే, పొయ్యి వెలిగించు" అనేవారు అమ్మతో. ఆ కట్టెల పొగ, గడప మీద ఆయన తడి అడుగులు తలుచుకుంటే ఇప్పటికీ బెంగగా ఉంటుంది.

ఆయన పోయాక మురుగు కాలవని మళ్లించారు. కొన్నాళ్లకి మా రేవు నీళ్లు స్నానానికి పనికొస్తాయని తేలింది. ఇంటి ముందు బండి ఆపి, అలవాటుగా గుమ్మం వైపు చూశాను. ఎవరూ లేరు. లోపల అమ్మ, ఇప్పుడు అర్చకత్వం చేస్తున్న తమ్ముడి కోసం నీళ్లు కాస్తూనే ఉంది.

"అమ్మా, పాసయింది" అన్నాను.

అమ్మ కట్టెలు బయటికి లాగి, నీళ్లు చల్లింది. తర్వాత ఖాళీ బిందె నా చేతికిచ్చింది.

"నాన్నని కలిపింది ఆ నీళ్లలోనే కదే. ముందు ఆయనకి చెప్పిరా."