బ్యాండు ముందు గజరాబాయి

గజరాబాయి కుడిచేయి పైకెత్తుతుంది. వేళ్లు ముడిచి ఉంటాయి. పాట మొదలయ్యే ముందు ఆ చేతిని అట్లాగే నిలిపి మా ముఖాలు ఒక్కొక్కటే చూస్తుంది. ఎవరి కోటుకు గుండీ ఊడిందో, ఎవరు తాగి వచ్చారో, ఎవరు తినకుండా వచ్చారో ఆ చూపులోనే తెలుసుకుంటుంది. చూడటం అయ్యాక వేళ్లు విప్పుతుంది. అప్పుడు మేం వాయిస్తాం.

వాన పడుతున్నా, పెళ్లివాళ్లు తొందరపెడుతున్నా ఆ చూపు పూర్తికాకుండా వేళ్లు విచ్చుకోవు.

ఆ తర్వాత ఆమె వెనక్కి నడుస్తుంది. ముఖం మా వైపు, వీపు దారి వైపు. మా ఊరు తాస్‌గావ్ వీధుల్లో గుంతలకు కొదవ లేదు. అయినా తిరిగి చూడదు. పెద్ద డోలు వాయించే అంకుశ్ కనుబొమలు లేచాయంటే ఆమె వెనక గుంత ఉన్నట్టు. నేను తల పక్కకు వంచితే అటు నుంచి గేదె వస్తున్నట్టు. ఇది మాకెవరూ నేర్పలేదు. ఆమె పడితే పాట ఆగుతుంది కనక నేర్చుకున్నాం.

నాది సైడు డ్రమ్ము. బ్యాండులో నాకంటే పాతవాడు అంకుశ్ ఒక్కడే.

బ్యాండు ఆమె భర్త దగడూ మాస్టర్‌ది. ట్రంపెట్ వాయిస్తూ ఆయనే ముందు నడిచేవాడు. ఒక వానాకాలం కామెర్లు వచ్చి పోయాడు. దినాలు కాగానే ఆయన అన్నదమ్ములు వచ్చి వాకిట్లో కూర్చున్నారు. వాయిద్యాలు అమ్మేద్దామన్నారు. ఇత్తడికి మంచి ధర ఉందన్నారు.

"అమ్మాక వీళ్లంతా ఏం వాయించాలి?" అని గజరాబాయి మమ్మల్ని చూపించి అడిగింది. "కంచాలా?"

అన్నదమ్ములు టీ తాగి వెళ్లిపోయారు.

మొదటి పెళ్లిళ్లకు ఆమె టెంపోలో కూర్చుని వచ్చేది, యజమానిలాగా. ముందు నడవడానికి లహూ ఉన్నాడు. మాస్టర్ దగ్గర నేర్చుకున్నవాడు. ట్రంపెట్ నోట పెట్టాడంటే రెండు వీధుల అవతల పిల్లలు నిద్ర లేస్తారు. అంత ఊపిరి. కానీ తన పాట తప్ప పక్కవాడి పాట వినడు. ఒకసారి పెళ్లికొడుకుని తీసుకుని మలుపు తిరిగిపోయాడు. అంకుశ్ డోలు వెనక వీధిలోనే ఉండిపోయింది. ఆ రోజు ఆమె టెంపో దిగింది. మా ముందుకొచ్చి చేయి ఎత్తింది. మళ్లీ టెంపో ఎక్కలేదు.

మాస్టర్ పిల్లలకు పాఠం చెబుతుంటే పొయ్యి దగ్గర కూర్చుని విన్న చదువు అది. ఏ వాయిద్యమూ ముట్టుకోలేదు. అన్నీ తెలుసు.

పెళ్లివాళ్లతో బేరం మాట్లాడేది కూడా ఆమే. ఫోను వస్తే చేతులకున్న చింతపండు గుజ్జు చీరకు తుడుచుకుని ఎత్తుతుంది. ఇత్తడి తోమేది కూడా ఆమే మరి. అవతలివాళ్లు ధర తగ్గించమంటారు.

"నాకేం అభ్యంతరం లేదు దాదా," అంటుంది. "మా యజమానురాలితోనే కష్టం. రాతిగుండె మనిషి. అడిగి చెప్తా, ఉండండి."

ఫోను పక్కన పెట్టి ఇంకో బాకా సగం తోముతుంది. మళ్లీ ఎత్తుతుంది. "అడిగాను. తిట్టింది నన్ను."

మేం నోళ్లు మూసుకుని నవ్వుకుంటాం. ఆమె నవ్వదు.

జగదాళే వాళ్ల పెళ్లి వేసవిలో వచ్చింది. ద్రాక్షతోటల వాళ్లు. పెళ్లికొడుకు చిన్నాన్న బాపూసాహెబ్ మాట తాలూకా అంతా నడుస్తుంది. మామూలుగా వాళ్లు సాంగ్లీ నుంచి పెద్ద పెద్ద సౌండు పెట్టెలు తెప్పిస్తారు. ఈసారి ఇంట్లో ముసలాయనకు గుండె బాగోలేదట. పెట్టెలు వద్దు, బ్యాండు చాలన్నారు. అట్లా దక్కింది మాకు.

ఆ మధ్యాహ్నం గజరాబాయి వాకిట్లో కోట్లన్నీ పరిచి గుండీలు కుట్టింది. సూది నోట్లో పెట్టుకునే ఫోనులో టెంపోవాడితో తగాదా పడింది. పొయ్యి మీద శెనగపిండి పిఠ్లా ఉడుకుతోంది. పెళ్లింట్లో బ్యాండువాళ్లకు అందరూ తిన్నాకే అన్నం. అందుకని ఆమె మాకు జొన్న భాకరీలు ముందే పెడుతుంది, ఇంకొన్ని మూట కట్టి తెస్తుంది.

క్లారినెట్ ధోండీ ఆలస్యంగా వచ్చాడు.

"నోరు తెరువు," అంది.

"సోంపు తిన్నా వహినీ."

"కళ్లెందుకు ఎర్రగా ఉన్నాయి?"

"సోంపు కారంగా ఉంది."

అతని చేతికి మజ్జిగ చెంబు ఇచ్చింది. పూర్తిగా తాగేదాకా ఎదురుగా నిలబడింది. ఆమె మా అందరికీ వహినీయే, వదినే. లహూకి ఆమె కంటే రెండేళ్లు ఎక్కువైనా వహినీయే.

సాయంత్రం జగదాళే వాళ్ల వీధిలో దిగాం. పెళ్లికొడుకుని గుర్రమెక్కించి మారుతి గుడికి తీసుకెళ్లాలి. గుర్రం రఫీక్‌ది. తెల్ల ఆడగుర్రం. చిన్నప్పట్నుంచీ పెళ్లిళ్లలోనే పెరిగింది. పెళ్లికొడుకు ముఖానికి పూలసరాలు కట్టి కూర్చోబెట్టారు. వెనక ఆడవాళ్లు పళ్లేలతో నిలబడ్డారు. గజరాబాయి ముందుకొచ్చి చేయి ఎత్తబోయింది.

బాపూసాహెబ్ స్వయంగా వచ్చాడు. మర్యాదగానే మాట్లాడాడు.

"గజరాబాయీ, తప్పుగా అనుకోకు. నీ పనికి వంక పెట్టడం లేదు."

"దేనికి పెడుతున్నారు?"

"శుభకార్యం. భర్త పోయిన మనిషి పెళ్లికొడుకు ముందు నడిస్తే ఇంట్లో ఆడవాళ్లు ఒప్పుకోవట్లేదు."

"బేరం మాట్లాడినప్పుడు కూడా నా భర్త పోయే ఉన్నాడు."

"మాట్లాడింది నీతో. నడుస్తావని నాకేం తెలుసు? నువ్వు యజమానివి. యజమాని నడవడమేంటి? దర్జాగా టెంపోలో కూర్చో. పని వాళ్లు చేస్తారు."

"మీ తోటలో మీరు కూర్చుంటే పని అవుతుందా?"

"అవుతుంది. కూలీలున్నారు."

"నాకు కూలీలు లేరు బాపూసాహెబ్."

లహూ ఆమె పక్కకు వచ్చి గొంతు తగ్గించాడు. "ఒక్క పూట వహినీ. సీజను ఇప్పుడే మొదలైంది. పక్కకు తప్పుకుంటే నీకు పోయేదేముంది? నేను చూసుకుంటా కదా."

ఆమె మా వైపు ఒకసారి చూసింది. యజమానికి డబ్బిచ్చేవాడి మాట వినాలని ఉంటుంది. ముందు నడిచే మనిషికి పాట చెడకూడదని ఉంటుంది. అన్నం పెట్టే మనిషికి మా ఇళ్లలో పొయ్యిలు గుర్తొస్తాయి. అందరూ ఒకే చీరలో నిలబడి ఉన్నారు. ఆ వీధి మధ్యలో ఆమెకు ఆలోచించుకోవడానికి ఇంకో చోటు లేదు.

"నన్ను ఎక్కడ ఉండమంటారు?" అని అడిగింది.

"వెనక. గుర్రం వెనక, ఆడవాళ్ల వెనక. నీకే సుఖం."

"సరే."

లహూ ఊపిరి వదిలాడు. "మంచి పని చేశావు వహినీ," అన్నాడు.

ఆమె మా పక్క నుంచి నడిచింది. గుర్రం పక్క నుంచి, ఆడవాళ్ల పక్క నుంచి నడిచింది. వాళ్లు చీరలు దగ్గరికి లాక్కున్నారు. వీధి చివర పిండిమర దగ్గర ఆగి మా వైపు తిరిగింది. చేయి ఎత్తింది. తలల మీదుగా మాకు ఆ చేయి తప్ప ఏమీ కనబడలేదు. వేళ్లు ముడిచి ఉన్నాయి.

"ఇటు చూడండి," అన్నాడు లహూ. "నేను తల ఊపితే మొదలుపెట్టండి."

తల ఊపాడు. ట్రంపెట్ ఎత్తి ఊదాడు. మంచి స్వరం. అదొక్కటే వినిపించింది. నా పుల్లలు గాలిలో ఉండిపోయాయి. నేను ఆపానని చెప్పలేను. అవి దిగలేదు.

అంకుశ్ డోలు పట్టీ సర్దుకున్నాడు. "నాకు ఇక్కణ్ణుంచి చేయి సరిగ్గా కనబడట్లేదు," అన్నాడు. ఎవరితోనూ కాదు. డోలు పొట్టకు ఆనించుకుని వెనక్కి నడిచాడు. అంత డోలు వస్తుంటే ఆడవాళ్లు గోడలకు ఒదిగారు. అతని వెనక నేను. నా వెనక ధోండీ. తర్వాత బాకాలవాళ్లు. పిండిమర దగ్గరికి వెళ్లి ఆమె ఎదురుగా వరసల్లో నిలబడ్డాం. ఆమె మా ముఖాలు ఒక్కొక్కటే చూసింది. మేం ఆమెను చూశాం. వేళ్లు విప్పింది.

గుర్రం చెవులు ముందు తిరిగాయి. తర్వాత మెడ తిరిగింది. బ్యాండు వెంట నడవడం తప్ప ఇంకో పని తెలియని జీవి అది. మొత్తం తిరిగి, పెళ్లికొడుకుతో సహా, మా వైపు అడుగులు వేసింది. రఫీక్ కళ్లెం పట్టుకుని వెనక్కి లాగాడు. అది అతన్నే ఈడ్చుకొచ్చింది.

"పట్టుకోరా దాన్ని," అన్నాడు బాపూసాహెబ్.

"నా మాట వినదు సాహెబ్. దీనికి బాజా మాటే మాట."

"కొట్టు."

"కొడితే పెళ్లికొడుకు కిందుంటాడు."

డాబాల మీద జనం నవ్వడం మొదలుపెట్టారు. పెళ్లికొడుకు పూలసరాలు పక్కకు తీసి, "కాకా, మనం ఎటు పోతున్నాం?" అని అడిగాడు. లహూ ట్రంపెట్ చంకలో పెట్టుకుని పరుగెత్తుకొచ్చి వరసలో చేరాడు.

"సంత వైపు నుంచి కూడా గుడికి దారుంది," అంది ఆడవాళ్లలో ఒకామె. "కాస్త చుట్టు, అంతే." పళ్లెం సర్దుకుని ముందు ఆమే కదిలింది. నడిరోడ్డు మీద గుర్రంతో ఎంతసేపని తగాదా పడతారు? మిగతావాళ్లు వచ్చారు.

అట్లా తిరిగిన ఊరేగింపుకు గజరాబాయి ముందు నిలిచింది. సంత మీదుగా గుడి దాకా వెనక్కి నడిచింది. ఆ దారి ఆమెకు కొత్త. అంకుశ్ కనుబొమలకు ఆ సాయంత్రం విశ్రాంతి లేదు.

గుడి నుంచి తిరిగొచ్చాక, జగదాళే వాళ్ల గేటు దగ్గర బాపూసాహెబ్ ఆమెను ఆపాడు. గొంతు పెంచలేదు.

"ఈ తాలూకాలో ఇంకో పెళ్లికి నువ్వు ఎట్లా వాయిస్తావో చూస్తా."

"చూడండి," అంది. "చూడటానికే కదా బ్యాండు."

మమ్మల్ని భోజనానికి పిలవలేదు. టెంపోలో కూర్చుని మూటలోని భాకరీలు తిన్నాం.

"వహినీ, ఆ గుర్రాన్ని కూడా బ్యాండులో పెట్టుకో," అన్నాడు ధోండీ. "లహూ కంటే తాళం తెలుసు దానికి."

అందరం నవ్వాం. లహూ నవ్వలేదు.

"నవ్వండి. పంతం వహినీది. ఆకలి మనది. రేపు పొద్దున్నుంచి మన బ్యాండుకు ఒప్పుకున్న ఇళ్లన్నిటికీ ఆ ఇంటి నుంచి ఫోన్లు పోతాయి. అప్పుడు ఈ కోట్లు ఏం చేసుకుంటారు, కప్పుకుంటారా?"

లహూకి ముగ్గురు ఆడపిల్లలు. అతను తన భయమే చెబుతున్నాడు. అది మా భయం కూడా.

"నువ్వు చెప్పింది అబద్ధం కాదు లహూ," అంది గజరాబాయి.

"అయితే ఏం చేద్దాం?"

"ఒక్క పూట తప్పుకుంటే రెండో పూట కూడా తప్పుకోమంటారు. మూడో పూటకు టెంపోలో కూడా ఎందుకంటారు. అప్పుడు కూడా ఆకలి మనదే. ఫోన్ల సంగతి యజమానిది. నువ్వు తిను."

అంకుశ్ భాకరీ తుంచుతూ అడిగాడు. "గుర్రం తిరుగుతుందని నీకు ముందే తెలుసా వహినీ?"

"నన్ను వెనక్కి పొమ్మన్నారు. పోయాను," అంది.

మర్నాడు మొదటి బస్సుకు ఆమె బయల్దేరింది. నన్నూ రమ్మంది. "కొత్త ఊళ్లో కుక్కలు ఒంటరిదాన్ని చూస్తే ఎక్కువ మొరుగుతాయి. నువ్వుంటే సగం నీ మీద మొరుగుతాయి," అంది. మాకు ఒప్పుకున్న ఇళ్లు మూడు ఊళ్లలో ఉన్నాయి. బస్సులో నేను అడిగాను, ఫోను చేస్తే సరిపోదా అని.

"ఫోనులో వాళ్లు మాట్లాడతారు," అంది. "ఎదురుగా నేను."

మణెరాజురిలో మొదటి ఇంటి ముందు పెళ్లికొడుకు తల్లి మంచం మీద వడియాలు పెడుతోంది. మమ్మల్ని చూసి చేయి కడుక్కుంది.

"అరే, బ్యాండు బాయి. ఇంత పొద్దున్నేనా? రా, కూర్చో. టీ పెడతా."

గజరాబాయి కూర్చోలేదు. గడప ఇవతలే నిలబడింది.

"ముందు నా మాట విను అక్కా. టీ పొయ్యాలో వద్దో తర్వాత చూసుకుందువు. నాకు భర్త లేడు. నీ కొడుకు ఊరేగింపులో అందరికంటే ముందు నేను నడుస్తా. నిన్న జగదాళే వాళ్లింట్లో వద్దన్నారు. అయినా నడిచాను. ఇక్కడా నడుస్తా. నీకు ఇష్టం లేకపోతే ఇప్పుడే చెప్పు. నాకింకా రెండు ఊళ్లు తిరగాలి."