డిస్కుల పెట్టెకు కుట్టిన ముసుగు

మా ఇంట్లో ముసుగు లేని యంత్రం ఉండదు. టీవీకి, ఫ్రిజ్‌కి, మిక్సీకి, ఆఖరికి ఎవరూ ఎత్తని ల్యాండ్‌ఫోనుకి కూడా మా ఆవిడ కుట్టిన ముసుగు ఉంది. పోర్టు పక్కన కాపురం ఉండేవాళ్ళకు ఇదేమీ వింత కాదు. పొద్దున్న తుడిచిన కిటికీ గట్టు మీద మధ్యాహ్నానికి వేలితో పేరు రాయొచ్చు. బొగ్గు దింపే రోజు నల్ల దుమ్ము, ఇనుప ఖనిజం ఎక్కించే రోజు ఎర్ర దుమ్ము. రేవులో ఏ పని జరుగుతోందో మా వీధి ఆడవాళ్ళు తుడుపు గుడ్డ చూసి చెబుతారు.

నేను చాలాకాలం పత్రికలో పనిచేశాను. వార్తకు వెళ్ళినప్పుడు కెమెరా కూడా నా భుజానే ఉండేది. ఉద్యోగం అయిపోయాక, రీళ్ళ కాలం నాటి నెగెటివ్‌లన్నీ స్కాన్ చేయించి అరచేతిలో పట్టేంత డిస్కులో పెట్టుకున్నాను. ఆ తర్వాత వచ్చిన వానాకాలంలో నెగెటివ్‌లు బూజు పట్టి ఒకదానికొకటి అంటుకుపోయాయి. పారేశాం. డిస్కు ఉందిగా అనుకున్నాను.

ఒకరోజు యారాడ నుంచి ఒక జాలరి వచ్చాడు. తీరం వార్తలు రాసే రోజుల్లో అతనూ వాళ్ళ నాన్నా నాకు బాగా తెలుసు. ముసలాయన పోయి ఏడాది కావస్తోంది.

"బాబూ, అప్పుడెప్పుడో మా అయ్యని వల కాడ ఫోటో తీసేరు కదా. సంవత్సరీకానికి పటం కట్టించాల. మా ఇంట్లో ఆధార్ కార్డులో బొమ్మ తప్ప ఏటీ లేదు. అది సూస్తే మా అయ్యే బయపడేవోడు" అన్నాడు.

"ఉంది, ఇస్తాను" అన్నాను. అంత ధీమాగా.

అతను వెళ్ళాక డిస్కు ల్యాప్‌టాప్‌కి తగిలిస్తే లోపల గోటితో కొట్టినట్టు టిక్కుటిక్కుమంది. కాసేపటికి ఫోల్డర్లు కనబడ్డాయి. అన్నీ స్కాన్ చేసినవాళ్ళు పెట్టిన అంకెలే, పేర్లు లేవు. బొమ్మలు ఒక్కొక్కటీ తెరవబోతే మళ్ళీ టిక్కుటిక్కు, ఆపైన ఏమీ కదలదు.

మా ఆవిడ అన్నయ్యకు ఫోన్ చేశాను. ఉక్కు కర్మాగారంలో ఎలక్ట్రికల్ విభాగంలో చేసి రిటైరయ్యాడు. గాజువాకలో ఉంటాడు. ఒకరినొకరం బావా అనే పిలుచుకుంటాం. విన్న వెంటనే అన్నాడు:

"ఎతుక్కుంటూ దాన్ని సంపెయ్యకు బావా. ముందు మొత్తం దింపెయ్. తర్వాత తీరుబడిగా ఎతుక్కో."

దింపడానికి నా ల్యాప్‌టాప్‌లో చోటు లేదు. ఇంకో చిన్న డిస్కు కొంటే రేపు అదీ ఇలాగే కొట్టుకోదని నమ్మకం లేదు. అందుకని ఇంటి నెట్‌వర్క్‌కి తగిలించే స్టోరేజ్ పెట్టె కొందామనుకున్నాం. అందులో రెండు డిస్కులుంటాయి. ఒకదానిలో రాసిందే రెండోదానిలోనూ పడుతుంది. ఒకటి పోయినా రెండోది నిలబడుతుంది.

డాబాగార్డెన్స్‌లో ఒక కంప్యూటర్ల దుకాణానికి ఇద్దరం వెళ్ళాం. బావ కన్ను నేరుగా పెద్దదాని మీద పడింది.

"నాలుగు డిస్కులు పట్టేది తీసుకో. ఇల్లు కట్టినోడు ఒక గది ఎగస్ట్రా ఏసుకోడేటి?"

"నా దగ్గరున్నవి ఫోటోలు బావా. సినిమా హాలు పెట్టడం లేదు."

"పెడితే మాత్రం నీ సినిమా ఎవడు సూత్తాడ్లే" అని రెండు డిస్కుల పెట్టెకు దిగాడు.

డిస్కుల దగ్గర ఆలస్యమైంది. చవక రకంలో, ఇంటికి పెంకులు నేసినట్టు, ఒక వరుస అంచు మీద ఇంకో వరుస వచ్చేలా సమాచారం రాస్తారట. మధ్యలో ఒక పెంకు మార్చాలంటే పక్కవన్నీ కదపాలి. ఇలాంటి పెట్టెల్లో అది నత్తనడక నడుస్తుందని దుకాణదారు చెప్పాడు. వరుసకూ వరుసకూ ఎడం ఉండే రకం, రోజంతా తిరగడానికి చేసినవి తీసుకోమన్నాడు. ఒకే అట్టపెట్టెలోంచి రెండు తీసి బల్ల మీద పెట్టాడు.

"రెండూ ఒకేసారి వచ్చాయి సార్. ఫ్రెష్ సరుకు."

"అందుకే వద్దంటున్నాను. ఒకటి ఇవ్వండి. రెండోది ఇంకోచోట కొంటాను."

దుకాణదారు ముఖం చిన్నబోయింది. బావ అతని భుజం తట్టాడు.

"ఏటీ అనుకోకండి. కవలలకి ఒకేసారి జలుబు సేత్తాదని మా బావ బయం. పేపరోడు కదా, ఒకే ఇంట్లో ఇద్దరు సెప్పినా నమ్మడు."

మాట నిజమే. ఒక వార్త రాయాలంటే ఇద్దరు చెప్పాలి, ఆ ఇద్దరూ ఒక గూటివాళ్ళు కాకూడదని నాకు మొదట్లోనే నేర్పారు. రెండో డిస్కు వేరే దుకాణంలో కొన్నాం. కరెంటు పోతే కాసేపు నిలబెట్టే చిన్న యూపీఎస్ కూడా తెచ్చుకున్నాం.

మర్నాడు పొద్దున్నే బావ వచ్చి పెట్టెను టీవీ పక్క అలమరలో పెట్టాడు. వెనక ఫ్యాను సన్నగా తిరిగింది. పాత డిస్కు తగిలించి కాపీ మొదలుపెట్టాం. టిక్కుమని ఆగుతూ, మళ్ళీ నడుస్తూ, ఎలాగో సాగుతోంది. దాని ముందు కూర్చుని చూస్తే లాభం లేదని ఇద్దరం చేపలకు పూర్ణా మార్కెట్‌కి వెళ్ళాం.

తిరిగొచ్చేసరికి హాలు నిశ్శబ్దంగా ఉంది. అలమరలో పెట్టె లేదు. దాని చోట నీలం గుడ్డ ముసుగు, అంచులకు తెల్ల పట్టీ, కింద బిగుతుగా ఎలాస్టిక్. పాత డిస్కు కూడా అందులోనే ఉంది.

"బాగుందా? నిన్న రాత్రే కొలతలు అన్నయ్యనడిగి తీసుకున్నాను. ఇవాళ ఎర్ర దుమ్ము వస్తోందని తొడిగేశాను" అంది మా ఆవిడ.

నేను బావ వైపు చూశాను. ఆయన చేపల సంచి వైపు చూశాడు.

ముసుగు లాగితే పెట్టె దోసెల పెనంలా కాలుతోంది. దీపాలు లేవు. పాత డిస్కును ముట్టుకోలేకపోయాను. యారాడ ముసలాయన ముఖం గుర్తు తెచ్చుకోబోతే రాలేదు. ఇక ఆ ముఖం ఎవరికీ దొరకదేమో అనిపించింది.

"పోయిందా?" అని మా ఆవిడ మెల్లగా అడిగింది.

బావ వంగి పెట్టె వాసన చూశాడు. "కాలిపోనాదంటే వాసనొత్తాది. లేదు. గాలాడక ఏడెక్కి దానికదే పడుకున్నాది. మా ప్లాంటులో మోటర్లూ ఇలాగే ట్రిప్పయ్యేవి. సల్లారనీ. ఈలోగా ఏటైనా తిందాం."

పాత డిస్కును గుడ్డతో పట్టి తీసి, గచ్చు మీద పెట్టి ఫ్యాను వేశాం. వంజరం పులుసు తిన్నానని తెలుసు, రుచి మాత్రం తెలియలేదు. మా ఆవిడ అసలు తినలేదు.

చేయి పెట్టి చూసి, చల్లబడిందనుకున్నాక బావ స్విచ్ నొక్కాడు. పెట్టె కుయ్యిమంది. ఫ్యాను తిరిగింది. పాత డిస్కు మళ్ళీ తగిలిస్తే కాసేపు ఊరుకుంది, ఒకసారి టిక్కుమంది, దీపం వెలిగింది. అది వెలిగేదాకా నేను నిలబడే ఉన్నానని అప్పుడు గమనించి కూర్చున్నాను. మిగిలిన కాపీ దీపాలు పెట్టే వేళకు పూర్తయింది. పాత డిస్కు ఆ తర్వాత మరి తెరుచుకోలేదు. తెరుచుకోకపోయినా నాకేమీ అనిపించలేదు.

మా ఆవిడ అప్పుడు కంచం పెట్టుకుంది. "చెప్పొద్దా అన్నయ్యా, కప్పకూడదని?" అంది అన్నం కలుపుతూ.

"ఈ ఇంట్లో నన్ను కూడా కప్పుతావేమోనని నానే బయపడతన్నాను. ఇంక దానికేటి సెప్తాను?" అన్నాడు బావ.

మా ఆవిడ ముసుగు వెనకభాగం, పక్కలు కత్తిరించి అక్కడ దోమతెర గుడ్డ కుట్టింది. పైన మాత్రం నీలం గుడ్డ ఉండాల్సిందేనంది. ఉండనిచ్చాం.

అంకెల ఫోల్డర్లన్నీ వెతకగా ముసలాయన ఫోటో దొరికింది. వల బాగుచేస్తూ, పళ్ళ మధ్య దారం కరిచి, ఎవరినో చూసి నవ్వుతున్నాడు. జాలరిని పిలిచి తెర మీద చూపించాను. తెర దగ్గరికి వంగి చొక్కా మీద వేలు పెట్టాడు.

"ఆ సొక్కా నాది" అన్నాడు. "పెళ్ళికి కుట్టించుకున్నాను. అడక్కుండా ఏసుకుని వలకాడికి ఎల్లిపోయేవోడు. ఎంత తిట్టేనో." కండువాతో ముఖం తుడుచుకున్నాడు. "రెండు తియ్యండి బాబూ. ఒకటి మా ఇంట్లో, ఒకటి భీమిలిలో మా అప్ప ఇంట్లో. దానికీ ఆయనే అయ్య కదా. తుపానుకి ఒక ఇల్లు ఎగిరిపోనా ఇంకోటుంటాది."

బావ నా వైపు చూశాడు. ఆ ఆదివారం ఇంకో డిస్కు కొని, ఫోటోలన్నీ అందులోకి ఎక్కించి, గాజువాకలో ఆయన బీరువాలో పెట్టి వచ్చాను.