ఎడమ క్రాంకు

ఆంబ్రుష్ మంచివాడే గాని, చేతికి పంది కొవ్వు దొరికితే ఊరుకునే రకం కాదు. తలుపు కిర్రుమంటే కొవ్వు, బూటు గట్టిపడితే కొవ్వు, మడమ పగిలితే కొవ్వు. తీసా నది గట్టు పల్లెల్లో మగవాళ్ళందరిదీ అదే వైద్యం. కిందటేడు భార్య ఎటెల్కా సైకిల్ క్రాంకు, అదే, పెడల్‌ని ఇరుసుకు కలిపే ఇనుప చెయ్యి, తీసి బిగించినప్పుడు కూడా ఉప్పు మాంసం వేయించగా మిగిలిన కొవ్వునే పట్టించాడు. ఉప్పు ఊరుకుంటుందా? తుప్పు పట్టి క్రాంకూ ఇరుసూ ఒకటైపోయాయి.

ఇప్పుడా మనిషి పక్షవాతంతో పట్నం ఆస్పత్రిలో ఉన్నాడు. ఈ రోజు గడవడం కష్టమని, చూడాలనుకుంటే వెంటనే రమ్మని పొద్దున ఫోన్ వచ్చింది. ఆదివారం బస్సు లేదు. పక్కింటి వెండెల్ తన ట్రాక్టరు ఇంజను విప్పి అరుగంతా పరిచి ఉన్నాడు. ఎటెల్కాకు మిగిలింది సైకిలొక్కటే. దాని ఇరుసులో బాల్స్ పగిలి పెడల్ మధ్యమధ్య బిగుసుకుపోతోంది. వాటిని మార్చాలంటే ఎడమ క్రాంకు ఊడాలి.

వెండెల్ క్రాంకును లాగి ఊడదీసే పుల్లర్ తగిలించి బలంకొద్దీ తిప్పాడు. క్రాంకు కదల్లేదు సరిగదా, దాని మరలు చెక్కుకుపోయాయి.

"బావ దీన్ని బిగించాడా, అతికించాడా అక్కా?"

"లేపి అడుగు పో," అంది ఎటెల్కా. అన్నాక ఏడుపు ఆగలేదు.

"ఊరుకో అక్కా. క్రాంకు బోల్టు తీసేసి వీధిలో నాలుగు చుట్లు తొక్కు. తొక్కగా తొక్కగా అదే వదులవుద్ది."

"ఆ తొక్కేదేదో పట్నం దారిలోనే తొక్కుతా. రెంచీలు, బాల్స్, గ్రీజు ఇటియ్యి."

"నడిదారిలో ఊడితే?"

"అక్కడే కూర్చుని బాగుచేస్తా. ఇక్కడ కూర్చుంటే ఆయన లేచొస్తాడా?"

గట్టు మీద తొక్కుతూ కాసేపు ఊడిపొమ్మని, కాసేపు ఊడొద్దని దేవుణ్ణి వేడుకుంది. పాపం, ఆయనకీ ఏం చెయ్యాలో తోచి ఉండదు. సగం దారిలో క్రాంకు ఊడి పాదం మీద పడింది. ఎటెల్కా గడ్డిలో చతికిలబడి పగిలిన బాల్స్ దులిపేసింది, గ్రీజు పూసి కొత్తవి పేర్చింది, రాయితో క్రాంకును దిగగొట్టి బోల్టు బిగించింది. ఆ తర్వాత సైకిల్ గాలిలా పోయింది.

ఆస్పత్రి గది గుమ్మంలో నర్సు ఆపింది. "ఆ చేతులతో లోపలికి రాకూడదమ్మా. కడుక్కుని రండి."

గోడవతలి కుళాయి దగ్గర ఎంత కడిగినా గ్రీజు ఒక పట్టాన వదల్లేదు. ఎటెల్కా సబ్బుతో రుద్దింది, గోళ్ళతో గీకింది, గౌను అంచుతో తోమింది. కుళాయి నీళ్ళు నల్లగా పోతూనే ఉన్నాయి. ఇంతలో నర్సు వచ్చి పక్కన నిలబడి కుళాయి కట్టేసింది.

"ఇక కడగక్కర్లేదమ్మా. అలాగే రండి."

ఆంబ్రుష్ పోయాడు. చెయ్యి ఇంకా వెచ్చగానే ఉంది. ఎటెల్కా ఆ నల్లటి చేతులతోనే దాన్ని పట్టుకుని, "వచ్చేశానయ్యా, ఇందాకట్నుంచీ గోడవతలే ఉన్నా," అని మళ్ళీ మళ్ళీ చెప్పింది.