తులసి దళం పడిన కల్చర్ సీసా

1948లో చింతామణి నుంచి చిక్కబళ్ళాపురం వచ్చే బస్సులో సీటు దొరకడం అదృష్టం. దిగేటప్పుడు చొక్కాకు గుండీలు మిగిలితే మహాభాగ్యం. కండక్టరుతో మొరపెట్టుకుంటే "టికెట్టు మీకిచ్చినానప్పా, గుండీలకు కాదు" అన్నాడు.

ఆ చొక్కాతోనే ఆస్పత్రి చేరాను. అక్కడి ల్యాబు అంటే ఒక సూక్ష్మదర్శిని, కిరసనాయిలు దీపంతో వెచ్చగా ఉండే ఇంక్యుబేటర్ పెట్టె, నేను.

ఆడవాళ్ల వార్డులో బాగేపల్లి కిరాణా శెట్టిగారి కోడలు నాగవేణి ఉంది. చిన్నప్పటి కీళ్లజ్వరం వల్ల ఆమె గుండె కవాటం చెడింది. ఇప్పుడు వారాల తరబడి జ్వరం. నెత్తుటిలో క్రిములు చేరి కవాటాన్ని తింటున్నాయని డాక్టరుగారి అనుమానం. క్రిమి ఉందని రిపోర్టు లేనిదే పైఆఫీసు పెన్సిలిన్ ఇవ్వదు. రిపోర్టుకు బ్లడ్ కల్చర్ చేయాలి: నెత్తురును మాంసరసం సీసాలో పోసి వెచ్చగా ఉంచితే, ఉన్న క్రిమి పెరిగి కనిపిస్తుంది. బయటి క్రిమి పడితే అంతా వృథా.

నెత్తురు తీసి సీసాలో పోస్తుంటే శెట్టిగారు అడిగారు. "ఆ నీళ్లేంటివప్పా?"

"మాంసం ఉడికించిన రసం."

"మా కోడలి నెత్తురు దాంట్లో కలుపుతారా?"

"ఆమె తాగదు లెండి, శెట్టిగారూ."

ఆయన తలూపారు. పెద్దమనిషి కదా, అర్థం చేసుకున్నారనుకొని, సీసా మూతికి దూది బిరడా పెట్టి చేతులు కడుక్కోవడానికి వెళ్లాను.

మర్నాటికి సీసా మజ్జిగలా తయారైంది. అందులో లేని క్రిమి లేదు. సూక్ష్మదర్శిని అక్కర్లేకుండా కనిపించింది మాత్రం ఒక తులసి దళం. నాకు వచ్చిన కోపానికి ఇంక్యుబేటరుకు దీపం అవసరం లేదు. సీసా పట్టుకుని వార్డుకు వెళ్లాను.

"దూది తీసి రవంత తీర్థం పోసినా. శుద్ధి కావద్దా?" అన్నారు శెట్టిగారు.

"ఆ శుద్ధితో ఆమె మందు ఆగిపోయింది."

"దేవుని తీర్థంలో పురుగులుంటాయా? కాలేజీ చదువు మిమ్మల్ని చెరిపిండాది."

సీసా పక్కన ఏ పెద్దమనిషినీ ఒంటరిగా వదలకూడదని ఆ రోజు నేర్చుకున్నాను. ఏ పుస్తకంలోనూ ఈ ముక్క లేదు.

మళ్లీ నెత్తురు తీయాలన్నాను. "ఇచ్చినాము కదా, ఆడమనిషి ఒంట్లో యెంతుంటాది?" అన్నారాయన. మంచం పక్కన నిలబడ్డ ఆమె భర్త వైపు తిరిగాను. అతను తండ్రి ముఖం చూశాడు. తండ్రి వార్డు పైకప్పు చూశాడు. నేను గొంతు పెంచాను, ఆయనా పెంచారు.

మంచం మీంచి నాగవేణి చెయ్యి చాపింది.

"నెత్తురు నాది, చావు నాది. మీరు ముగ్గురూ యేంటికి మాట్లాడుకుంటాండారు?"