పది నిమిషాల ప్రొఫెసర్ కోసం భిలాయి దాకా

భిలాయికి జనం ఉద్యోగం కోసమైనా వెళ్తారు, ఉద్యోగమున్న చుట్టాల కోసమైనా వెళ్తారు. నేను రెండింటి కోసమూ వెళ్లాను. కాకపోతే ఆ ఉద్యోగం భిలాయిలోది కాదు. విశాఖపట్నంలో ఉన్న నా సొంతది, అదీ ఊడటానికి సిద్ధంగా ఉన్నది.

ఎనభైల మొదట్లో సంగతి. ఊళ్లో ఉక్కు కర్మాగారం కడుతున్నారు కదా అని మా ఇంజనీరింగు కాలేజీలో లోహశాస్త్రం బ్రాంచి తెరిచారు. ముప్పై మంది పిల్లలు చేరారు. వాళ్లకు పాఠాలు చెప్పే పూర్తికాలపు అధ్యాపక బృందం ఎవరంటే, నేనే. తాత్కాలిక లెక్చరర్ని. అప్పటికి నా మీసం కూడా తాత్కాలికమే. దసరా వెళ్లాక తనిఖీ కమిటీ వస్తుంది. అప్పటికి డాక్టరేటూ అనుభవమూ ఉన్న ప్రొఫెసరు ఒక్కరైనా కనిపించకపోతే వచ్చే ఏడు సీట్లు లేవు. సీట్లు లేకపోతే బ్రాంచి లేదు. బ్రాంచి లేకపోతే నన్ను ఉంచుకోవడానికి హెడ్డు గారికి ఆ మీసం తప్ప వేరే కారణం లేదు.

"మనం పెరగాలోయ్," అన్నారు హెడ్డు గారు, ఇంకా పేర్లు రాయని గోడ మీది బోర్డు కేసి చూస్తూ. "అధ్యాపకులు పెరగాలి, పరిశోధన పెరగాలి, విద్యార్థులు పెరగాలి."

"మూడూ ఒకేసారా సార్?"

"ముందు మీ మావయ్యని పట్టుకురా. మిగతావి ఆయన వెనక వస్తాయి."

మావయ్యంటే మా అమ్మ పెదనాన్న గారి కొడుకు, డాక్టర్ అప్పలస్వామి. వయసులో ఉండగా డాక్టరేటు చేసి, ఆ తర్వాత భిలాయిలో రైలు పట్టాలు తయారుచేసే మిల్లులో చేరి పెద్ద అధికారి అయ్యాడు. ప్రొఫెసరుగా రమ్మని హెడ్డు గారు ఎన్నిసార్లు రాసినా "ఆలోచిస్తాను" అని జవాబు వచ్చేది. అంతసేపు ఆలోచించే మనిషి ప్రొఫెసరు పనికి తగినవాడేనని హెడ్డు గారి నమ్మకం మరీ బలపడింది.

సాయంత్రం వాల్తేరులో రాయపూరు పాసింజరెక్కాను. ఈ దారిన వెళ్లదలచినవారికి ఒక మాట: కిటికీ సీటు కోసం దెబ్బలాడకండి. పార్వతీపురం దాటాక చీకటి, తెల్లారాక బొగ్గు నుసి. రాయగడలో ఇడ్లీ దొరుకుతుంది, చట్నీ దొరకదు. టిట్లాగఢ్‌లో అర్ధరాత్రి కూడా ఉక్కపోతే. ఈ బండి ఎక్కడ ఆగాలో టైంటేబుల్లో ఉంటుంది, ఎందుకు ఆగిందో మాత్రం ఎందులోనూ ఉండదు. నాకు కూర్చోవడం చేతకాదు. బండి ఆగినప్పుడల్లా దిగాను, కూత వేసినప్పుడల్లా పరిగెత్తి ఎక్కాను.

"బాబూ, మీరు నడిసే పోతన్నారేటి రాయిపూరికి?" అన్నాడు ఎదుటి సీటాయన.

పేరు పైడిరాజు. పాలకొండ వైపు మనిషి, భిలాయి రైలు మిల్లులోనే క్రేను ఆపరేటరు, అక్కడే కోహ్కా పేటలో సొంతిల్లు. సెలవు ముగించుకుని తిరిగి వెళ్తున్నాడు. మావయ్య పేరు చెప్పగానే బెర్తు మీంచి కాళ్లు దించేశాడు.

"అప్పలస్వామి సార్ మేనల్లుడా? ముందే సెప్పొద్దా!"

"అంత భయమా ఆయనంటే?"

"బయం ఏటి? షిఫ్టు మొదలయ్యే ముందర అందర్నీ నిలబెట్టి పది నిమిషాలు మాటాడతారు. పదంటే పదే. సంద్రం పొంగినట్టు మాటాడి టక్కున ఆపేస్తారు. మేం ఆయన్ని సూసి గెడియారాలు సరిసేసుకుంటాం."

నేనది పొగడ్త అనుకున్నాను. రోగలక్షణమని అప్పటికి తెలియదు.

పొద్దున్న రాయపూరులో దిగి, దుర్గ్ వెళ్లే లోకల్ పట్టుకుని, భిలాయి పవర్ హౌస్ స్టేషన్లో దిగాను. మావయ్య క్వార్టరు ఉన్న సెక్టర్ 2 అక్కడికి దగ్గరే. పైడిరాజు ఆ మాట చెబుతూనే ఉన్నాడు, నేను ఆగకుండా కదిలే ఆటో ఎక్కేశాను. అది నన్ను సుపేలా బజారులో దించింది. ఆదరాబాదరా పనికి శిక్షగా అక్కడే పోహా అనే అటుకుల ఉప్మా తిని, వేడి టీకి నాలుక కాల్చుకుని, ఇంకో ఆటోలో వెనక్కి వచ్చాను. భిలాయి చూడదలచినవారు ఇలా ఒకసారి తప్పిపోవచ్చు. వీధులన్నీ ఒకే రకంగా ఉంటాయి కాబట్టి రెండోసారి తప్పిపోయినా తేడా తెలియదు.

మావయ్య డ్యూటీలో ఉన్నాడు. తలుపు తీసినది ఇంటరు చదువుతున్న ఆయన కూతురు మీనా.

"మమ్మీ, కోయీ భయ్యా ఆయే హై!"

"భయ్యా కాదే, బావ," అంది లోపలినుంచి అత్తయ్య.

"అచ్ఛా. బావ భయ్యా, అందర్ ఆయియే."

బావనీ అన్నయ్యనీ కలిపేసిన ఆ పిలుపుతో, మొదలు కావలసిన నవల ఏదైనా ఉంటే అది గుమ్మంలోనే సమాప్తమైంది. నేను చెప్పులు విప్పి లోపలికి వెళ్లాను.

అత్తయ్య అన్నం పెట్టి, ఎదురుగా కూర్చుని, విచారణ మొదలుపెట్టింది. "ఎందుకొచ్చావో నాకు తెలుసురా. మీ ఇశాకపట్నంలో కుళాయి రోజూ వస్తాదేటి?"

"వస్తుంది అత్తయ్యా."

"ఎంతసేపు?"

"వచ్చినంతసేపూ."

"ఇక్కడ ఎప్పుడు తిప్పితే అప్పుడే," అని ఆవిడ లేచి వెళ్లి, సాక్ష్యంగా కుళాయి తిప్పి చూపించింది. నిజమే. అంత ధారగా నీళ్లు పడటం నేను వానలో తప్ప చూడలేదు.

సాయంత్రం మావయ్య వచ్చాడు. పొట్టి మనిషి, నిలువు గీతల చొక్కా, పెద్ద గొంతు. "ఏటిరా, మీ అమ్మ బాగుందా? ఆలోచిస్తన్నానని మీ హెడ్డుకి సెప్పు," అని ఒక్క గుక్కలో రెండూ ముగించి స్నానానికి వెళ్లాడు. నేను మాట ఎత్తబోయినప్పుడల్లా ఆయనకి స్కూటరు తుడవాలనిపించింది. అంత శుభ్రమైన స్కూటరు ఆ సెక్టరులో ఇంకోటి లేదు.

మర్నాడు గేటు పాసు తీయించి మిల్లుకి తీసుకెళ్లాడు. ఉదయం షిఫ్టు వాళ్లు హెల్మెట్లు పెట్టుకుని వరసగా నిలబడ్డారు. పైడిరాజు నాకు కన్ను కొట్టాడు. మావయ్య మొదలుపెట్టాడు. హిందీ, మధ్యలో తెలుగు, కోపం వచ్చినచోట ఇంగ్లీషు. నిన్న ఏ పట్టా వంకర పోయింది, ఎందుకు పోయింది, చెయ్యి ఎక్కడ పెట్టకూడదు, పెడితే ఏమవుతుంది. పక్కన యంత్రాలు గొంతు చించుకుంటున్నా ఆయన మాటే పైన వినిపించింది. నా ముప్పై మంది పిల్లలు ఈయన ముందు ఆవలించడానికి ధైర్యం చేయరనుకున్నాను. ఇంతలో "బస్, కామ్ పే లగ్ జావ్" అని అందర్నీ పనిలోకి తోలేశాడు. చేతి గడియారం చూశాను. పైడిరాజు అబద్ధం చెప్పలేదు.

తర్వాత ఎర్రగా మెరుస్తూ పట్టాలు పాముల్లా జారిపోవడమూ, క్రేను వాటిని ఎత్తి పెద్ద గోతుల్లో పేర్చి మూతలు పెట్టడమూ చూశాను. వాటిని ఆ గోతుల్లో గంటల తరబడి మెల్లగా చల్లారనిస్తారు. నేను అక్కడ ఐదు నిమిషాలు కూడా కుదురుగా నిలబడలేకపోయాను.

ఇంటికి వస్తుంటే దారిలో ఆయనే అడిగాడు. "మీ కాలేజీలో క్లాసు ఎంతసేపురా?"

"యాభై నిమిషాలు మావయ్యా."

స్కూటరు నెమ్మదించింది. "యాభయ్యా?"

"లేబొరేటరీ అయితే మూడు గంటలు."

ఆయన స్కూటరు రోడ్డు పక్కన ఆపేశాడు. ఇంజను ఆపలేదు. "ఒరే, ఈ సంగతి మీ అత్తయ్యకి కూడా సెప్పలేదు. పది నిమిషాలయ్యాక నా దగ్గర ఏటీ ఉండదురా. నోరు దానంతటదే మూసుకుపోతాది."

"ఇన్నేళ్లు రోజుకి పది నిమిషాలు మాట్లాడారు కదా. అవన్నీ కలిపితే నాలుగేళ్ల కోర్సు అవుతుంది."

"రోజూ అవే పది నిమిషాలురా!"

కొలిమికి భయపడని మనిషి ముప్పై మంది పిల్లలకి భయపడుతున్నాడు. నవ్వొచ్చింది. వెంటనే, ఈయన రాకపోతే నా గతేమిటన్న సంగతి గుర్తొచ్చి ఆగిపోయింది. "ఒకసారి పరీక్షించి చూద్దాం," అన్నాను. "రేపు ఆదివారం. మీ వరండాలోనే."

ఆదివారం సాయంత్రం మీనా ట్యూషను బోర్డు గోడకి ఆనించాం. శ్రోతలు: మీనా, ఆమె స్నేహితురాళ్లు ఇద్దరు, బియ్యం చేటతో అత్తయ్య, నన్ను చూడటానికి కోహ్కా నుంచి సైకిలు మీద వచ్చి ఇరుక్కుపోయిన పైడిరాజు. మావయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని నిలబడ్డాడు. "పట్టా" అని బోర్డు మీద రాసి మొదలెట్టాడు. పక్క క్వార్టరు వాళ్లు బయటికి వచ్చి చూసేంత గొంతు. ఉక్కు ఎలా కరుగుతుంది, ఎలా సాగుతుంది, ఎలా చల్లారుతుంది. అద్భుతం. హఠాత్తుగా "జాగ్రత్తగా పన్జెయ్యండి" అని ముగించి, చుట్టూ చూశాడు. చెయ్యి అలవాటుగా హెల్మెట్ కోసం వెతుకుతోంది.

చేటలో బియ్యం చప్పుడు ఆగిపోయింది.

"సూసావు కదరా," అన్నాడు మావయ్య మెల్లగా. ఆయన గొంతు అంత మెల్లగా పలుకుతుందని నాకు తెలియదు. "రావడం లేదని మీ హెడ్డుకి సెప్పు."

చాక్ పీసు కింద పెట్టేశాడు. అలాంటప్పుడు పెద్దమనుషులు ధైర్యం చెబుతారు. నాకు చేతనైన విద్య ఒక్కటే, ఎకసెక్కెం.

"మావయ్యా, ఒక్క అనుమానం. పట్టాని గోతిలో పెట్టి అన్ని గంటలు చల్లార్చడం దేనికి? నాలుగు బకెట్ల నీళ్లు కొడితే అయిపోదా? ఇక్కడ నీళ్లకి కొదవ లేదని అత్తయ్య చూపించింది కూడా."

"ఎవడ్రా నీకు డిగ్రీ ఇచ్చినోడు?" చాక్ పీసు మళ్లీ చేతిలోకి వచ్చింది. "కరిగిన ఉక్కు తేమ లోంచి హైడ్రోజన్ లాగేసుకుంటాదిరా. అది బయటికి పోడానికి టైం ఇవ్వాల. నీలాగ తొందరపడితే లోపలే ఇరుక్కుపోయి, సన్నటి పగుళ్లు పెట్టేస్తాది. పైకి నున్నగా ఉంటాది, రైలు ఎక్కాక ఇరుగుతాది!"

పైడిరాజు గొంతు సవరించుకున్నాడు. "అయితే సార్, క్రేను లేటయ్యిందని మొన్న నన్నెందుకు తిట్టినారు? మెల్లగా పోతే మంచిదే కదా?"

"గోతిలో మెల్లగారా, గోతికి పోయే దారిలో కాదు! బయట గాలికి సల్లారిపోయాక గోతిలో పెట్టి ఏం లాభం?"

"పాపా, గోతిలో ఎక్కువసేపు ఉంచేస్తే?" అంది మీనా. దానికీ బోర్డు తుడిచి బొమ్మ గీశాడు. నేను ఇంకో తప్పు మాట అన్నాను, ఇంకో తిట్టు తిన్నాను. బోర్డు నిండి, మావయ్య చేతులు గోడ మీదికి పోతుంటే అత్తయ్య గుడ్డ అందించింది. వీధి దీపాలు వెలిగాయి. యాభై నిమిషాలు ఎప్పుడో దాటిపోయాయి. ఆ మాట నేను చెప్పలేదు, చెబితే ఆగిపోతాడని భయం.

చివరికి అడిగాను. "అన్నీ ఒకే కొలిమిలోవి, ఒకే గోతిలో చల్లారినవి. అందులో ఒక్క పట్టాయే పగిలిందనుకోండి. అదే ఎందుకు?"

మావయ్య నోరు తెరిచాడు. మూశాడు. ఈసారి చెయ్యి హెల్మెట్ కోసం వెతకలేదు. బోర్డు వైపు తిరిగి, తను గీసిన బొమ్మని మొదటినుంచీ మళ్లీ చూశాడు.

"తెలీదురా," అన్నాడు. ప్రమోషను వచ్చినవాడి మొహంతో అన్నాడు.

భోజనాల దగ్గర షరతు బయటపెట్టాడు. "వస్తాను. గానీ నువ్వు నా క్లాసులో ఎనక బెంచీలో కూర్చోవాల. పది నిమిషాలయ్యేసరికి తెలివితక్కువ ప్రశ్న ఒకటి ఎయ్యాల."

"రోజూనా?"

"నీకు కష్టమేటిరా? సహజంగానే వస్తాయి కదా."

"నాకు నుయ్యున్న ఇల్లు సూడు," అంది అత్తయ్య, పులుసు వడ్డిస్తూ.

తిరుగు ప్రయాణంలో నా చేతిలో బరువైన గోనెసంచి ఉంది. అందులో మిల్లువాళ్లు కోసి ఇచ్చిన పాత పట్టా ముక్క, పగిలినది. దానికి గేటు పాసు తీయించడానికి నా గేటు పాసు కంటే ఎక్కువ సంతకాలు పట్టాయి. రాయపూరులో పాసింజరెక్కాక పక్కావిడ సంచి మీద చెయ్యి వేసి, "ఇదేటి బాబూ, రుబ్బురోలా?" అంది.

"మా లేబొరేటరీ అండి."

ఆవిడ చెయ్యి తీసేసి, తన మూట అటువైపు జరుపుకుంది.

హెడ్డు గారికి ఏం చెప్పాలో దారి పొడవునా కూర్చుకున్నాను. అధ్యాపకులు ఒకరు పెరిగారు. పరిశోధన ఒకటి పెరిగింది, జవాబు తెలియదు కాబట్టి అది కచ్చితంగా పరిశోధనే. విద్యార్థులు కూడా ఒకరు పెరిగారు, ముప్పై ఒకటోవాడు, వెనక బెంచీ, జీతం మాత్రం కాలేజీయే ఇవ్వాలి. మూడూ ఒకేసారి సాధ్యమా అని అడిగినందుకు సిగ్గుపడ్డాను, రాయగడ దాకా.

ఈసారి బండి ఎక్కడ ఆగినా నేను దిగలేదు. కుదురు వచ్చిందనుకోకండి. పట్టాల అతుకుల మీద చక్రం పడ్డప్పుడల్లా టక్, టక్ మంటోంది. ఒక్కో చప్పుడుకీ కింద ఉన్నది ఏ పట్టానో, ఏ గోతిలో చల్లారిందో, లోపల ఏముందో అని చెవి ఒగ్గి కూర్చున్నాను. పార్వతీపురంలో ఒకాయన ఎక్కి, బెర్తు ఖాళీగానే ఉంది కదా, పడుకోరేమండీ అన్నాడు.

"క్లాసులో ఉన్నానండీ," అన్నాను.