పోశన్న దేవులాట

మా పోశన్నకు ప్రతి పొద్దునా ఏదో ఒకటి పోవాల్సిందే. దోహాలో సనయ్య అనే కార్ఖానాల పేటలో మా కంపెనీ క్యాంపు. గదిలో పైమంచం ఆయనది, కింది మంచం నాది. డ్యూటీ బస్సు అయిదున్నరకైతే, నాలుగున్నరకే నా దుప్పటి లాగేవాడు.

"తమ్మీ, నా సబ్బుడబ్బ పోయింది. లే, దేవులాడుదాం."

"నువ్వే పోన్నా. నాకు లేసే ఓపిక ల్యా."

"ఒక్కనికి దొర్కది తమ్మీ. నాలుగు కండ్లు గావాలె."

ఆయనది నిజామాబాద్ పక్క, నాది కడప పక్క. నాకు వెతుకులాట, ఆయనకు దేవులాట. ఇద్దరిదీ ఇనుపకడ్డీలు వంచే పని. రోజంతా కడ్డీలు వంచినా రాని నొప్పి, పడుకుని లేస్తే వచ్చేది. నడుము కింద, పిరుదుల లోపల మేకులు దిగ్గొట్టినట్టు ఉండేది. పక్కకు దొర్లి, గోడ పట్టుకుని లేచేవాణ్ణి. ఫోర్‌మన్ చూస్తే అన్‌ఫిట్ రాసి ఊరికి పంపేస్తాడని భయం. ఊళ్ళో మా ఆంజనమ్మా, ఇద్దరు పిల్లలూ నా పని మీదే ఉన్నారు.

అలాంటివాణ్ణి ఈయన క్యాంపంతా తిప్పేవాడు. సబ్బుడబ్బా నీళ్ళ ట్యాంకు వెనక దొరికేది. తువ్వాలు మెస్సు గోడమీద. ఎడమ చెప్పు గేటు దగ్గర, వాచ్‌మన్ కుర్చీ కింద. కుడి చెప్పు ఒక్కసారీ పోలేదు. ఒకరోజు దువ్వెన పోయిందన్నాడు. పోశన్నది నున్నటి బట్టతల. అదేమని అడిగితే, "ఎంటికలు ఉన్ననాటిది తమ్మీ, గుర్తుకు వెట్టుకున్న" అన్నాడు. చేసేదేముంది, వెతికాం.

ఇంత మతిమరుపు మనిషి, సైటులో ఏ కడ్డీ ఎక్కడుందో కళ్ళు మూసుకుని చెప్పేవాడు. అది నాకు తట్టలేదు. అలసిపోయినవాడికి ఏం తడుతుంది?

తొంభై ఆరులో నన్ను హిందీ మాట్లాడే డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది ఆయనే. డాక్టరు ఎక్స్‌రే వెలుతురుకు పెట్టి చూపించాడు. వెన్నెముక అడుగున, కటి ఎముకతో కలిసే రెండు కీళ్ళు వాచి అంచులు అరిగాయట, వదిలేస్తే అతుక్కుపోతాయట. ఇదంతా తర్వాత తెలిసింది, అప్పట్లో నాకు హిందీ రాదు. అర్థమైన మాట 'ఆరాం' ఒక్కటే. బయటికొచ్చాక పోశన్న ఏదో చెప్పబోతే కసిరాను. ఆరాం అన్న్యాడు, నా చెవులతో ఇన్న్యా అన్నాను. మాత్రలు మింగి, వీలు దొరికితే పడుకోవడమే పెట్టుకున్నాను. ఆ వారం నుంచే ఆయన వస్తువులు పోవడం మొదలైంది.

వస్తువు దొరికే వేళకు నడుము సర్దుకునేది. బస్సు దగ్గర ఫోర్‌మన్ ముందు నిటారుగా నిలబడేవాణ్ణి. అదంతా మాత్రల గొప్పే అనుకున్నాను.

ఏడాది తర్వాత అదే డాక్టరు దగ్గరికి ఒక్కణ్ణే పోయాను. అప్పటికి నా హిందీ కాస్త బాగుపడింది. వంగమన్నాడు, వంగాను. రోజూ పొద్దున ఎంతసేపు నడుస్తున్నావని అడిగాడు. నడవడం లేదు సాబ్, మా అన్న చెప్పు వెతుకుతున్నానన్నాను. ఆయన నవ్వి, అప్పుడే చెప్పానుగా అన్నాడు. "చల్‌నే సే ఆరాం మిలేగా."

నడిస్తే నొప్పి తగ్గుతుందని. పడుకోమని కాదు. నాకు సిగ్గేసింది. ఏడాదిపాటు రోజూ గంట నిద్ర పోగొట్టుకున్నది పోశన్న, విసుక్కున్నది నేను.

మర్నాడు ఆయనకంటే ముందే లేచాను. గేటు దాకా నడిచి, కుర్చీ కిందున్న ఎడమ చెప్పు తెచ్చి మంచం కింద పెట్టి, మళ్ళీ దుప్పటి కప్పుకున్నాను. నాలుగున్నరకు దుప్పటి కదిలింది.

"తమ్మీ, నా చెప్పు పోయింది."

"మంచం కింద సూడన్నా."

వంగి చూశాడు. చెప్పు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు.

"గేటుకాడ వెడితి గద," అని నాలిక కరుచుకున్నాడు.

నేను గోడ పట్టుకోకుండా లేచి నిలబడ్డాను. ఆయన నన్ను పైనుంచి కిందిదాకా చూసి, చెప్పులు తొడుక్కుని, బట్టతల నిమురుకున్నాడు.

"గట్లయితె దువ్వెన పోయింది," అన్నాడు. "పా, దేవులాడుదాం."